శిలువ కింది మైసమ్మ భక్తుడు

ఫిల్మ్ నగర్ వెనక బండల మీద, సినిమావాళ్లు వేసి వదిలేసిన శ్మశానం సెట్టింగు. అక్కడ రోడ్డు వేయించే అధికారి త్రినాథరావు, ఒక సమాధి మీద కూర్చుని కదలని రాళ్లుకొట్టే కొమురమ్మ.

“లే కొమురమ్మా, లే. తవ్వే మిషను ఆగిపోయింది నీవల్ల.”

“గిది సెట్టింగు కాదు సార్. మా ఆయనది.”

“అన్నిటికీ శిలువలే ఉన్నాయి కదే!”

“పిక్చరోళ్లు పెట్టిండ్రు. మా ఆయనకు శిలువేంది? మైసమ్మకు మొక్కేటోడు.”

“పెడుతుంటే ఊరుకున్నావేం మరి?”

“సున్నమేస్తం, పూలు పెడ్తమన్నరు. గన్ని పూలు నేనెన్నడన్న పెట్టిన్నా? పెట్టుకోనీ అనుకున్న. హీరోయిన్ గీడనే పడి ఏడ్సింది సార్. నాకన్న మంచిగ ఏడ్సింది.”

“చూడమ్మా, దేశదేశాలవాళ్లు ఆటల పోటీలకొస్తున్నారు, ఈ రోడ్డు వాళ్లకోసమే. అందుకని అసెంబ్లీలో చట్టమే చేశారు. ఈ రోడ్డు ఆపమని ఏ కోర్టూ అనడానికి లేదు.”

“ఆటలకు కానూనా?”

“ఆటలకే.”

“సచ్చినోళ్లకు గా కానూన్ల ఏం లేదా?”

“ఎందుకు లేదు? నిజం సమాధైతే ముందు నోటీసివ్వాలి, వేరేచోటికి తీసుకెళ్లనివ్వాలి. సెట్టింగుకు నోటీసేంటి? మావాళ్లొచ్చి చూసి అన్నీ సెట్టింగే అన్నారు.”

“చూసినోళ్లు కారు దిగిండ్రా?”

“సరే, తవ్వి చూద్దాం. తేలిపోద్ది.”

“వద్దు! వద్దు సార్. బండ పేలి సచ్చిండు. సప్పుడంటే భయం. మిషను ఉరిమినప్పుడల్లా నా కాళ్లకింద ఉలికిపడ్తుండు.”

“పిచ్చిమాటలు మాట్లాడకు.”

“మీరు చెప్పులిడిసి నిలబడుండ్రి, మీ కాళ్లకూ తెలుస్తది.”

“నేనెందుకు... చూడు, నీ తరఫున చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా? చుట్టాలో, పిల్లలో?”

“కొడుకున్నడు.”

“పిలువు. మా నాన్నదే అని వాడొక్కమాట అంటే చాలు. నోటీసిప్పించే పూచీ నాది.”

“ఆడు అనడు.”

“కన్నతండ్రి కదే!”

“ఆనికి ఎర్కలేదు సార్. గప్పుడు చిన్న పోరడు. బండ పేలి సచ్చిండంటే రేపు ఆడు భయపడి బండల పనికి రాడని, మీ అయ్య బొంబాయి పోయిండని చెప్పిన. గిప్పటికీ షూటింగోళ్లు దిగితె ఉరికిపోయి మొఖాలు చూస్తడు. గుంపుల అయ్య వచ్చిండేమో అని.”

“అయ్యో... ఇప్పుడైనా చెప్పాలి కదమ్మా.”

“ఎట్ల చెప్పాలె?”

“నేను చెప్తాను. ఎక్కడున్నాడో చెప్పు, జీపు పంపిస్తా.”

“జీపెందుకు సార్. గా మిషను మీద కూసున్నడు. పొద్దటి సంది నన్ను జరగమని మొత్తుకుంటున్నడు.”