పల్లెకొచ్చిన ఓట్ల పెట్టె

సుభానీ, టీ కాస్త గట్టిగా పెట్టు, అంటూ బడ్డీ ముందు బల్ల మీద కూర్చున్నాడు మిరప రైతు బుల్లయ్య. ఒరేయ్ పిచ్చయ్యా, ఈ మండలాల ఎలక్షనుకి ఓట్ల పెట్టె మన ఊరి చావిడి వదిలి రోడ్డవతల మాలపల్లెలో చర్చి బడికి ఎట్టా పోయిందనుకున్నావ్? నా వల్లే. పోయినసారి పల్లెవాళ్ళు చావిడి దాకా వస్తే, మీ ఓట్లు పడిపోయినాయి ఇళ్ళకి పొండన్నారు మనవాళ్ళు, కర్రలు లేచాయి. ఈసారి తలకాయలు లేస్తాయని ఊరంతా వణికిందా లేదా? నేను ఆఫీసరు గారి జీపు ఆపి ఒక్క మాట చెప్పానంతే.

"విన్నాడా?" అన్నాడు పిచ్చయ్య.

వినడమేంట్రా, జీపు దిగి గట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు. ఇది నా చేతిలో పని కాదు, నాయకుల్నే పిలిపిస్తానన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి నా మిరప కల్లం చుట్టూ కార్లే కార్లు. కోస్తావాళ్ళొక పక్క, సీమవాళ్ళొక పక్క, తెలంగాణావాళ్ళొక పక్క, ఒకరి మొహం ఒకరు చూడరు. చూశా చూశా, ఎండుకాయల రాశి ఒక్కసారి తిరగేశా. ఘాటు లేచి తుమ్ములే తుమ్ములు. కళ్ళూ ముక్కులూ కారిపోతుంటే ఎవరి కండువా ఎవరిదో చూసుకోకుండా తుడుచుకున్నారు. ఇంక పగలెక్కడుంటాయి? బుల్లయ్యా, ఇది రాజ్యాంగంలోనే రాయించాలి, ఢిల్లీ పోదాం పద అన్నారు.

"పోయావా?" సుభానీ గ్లాసు అందించాడు.

కాయలు ఎండలో వదిలేసి ఎక్కడికి పోతాను? ఢిల్లీనే రమ్మన్నా. పార్లమెంటంతా రైలెక్కి వినుకొండలో దిగింది. రాజ్యాంగం ఎడ్లబండి మీద వచ్చింది, పేజీ తిప్పాలంటే నలుగురు పట్టాలి. ఊరూ పల్లే ఒక్క గుమ్మంలోంచే పోయి ఓటెయ్యాలని నేను చెబుతుంటే రాసుకున్నారు. సిరా అయిపోతే ఎండుకాయలు నానేసి ఆ ఎరుపుతోనే రాయించా. ఇప్పటికీ ఆ పేజీ తెరిస్తే ఢిల్లీలో తుమ్ముతారు.

బడ్డీ దగ్గర అందరూ పగలబడి నవ్వారు. పొద్దున్నుంచి బిగబట్టిన ఊపిరి ఆ నవ్వుతో వదిలారు. పోలింగు రోజు సాయంత్రం నాలుగు దాటింది, ఒక్క కర్ర లేవలేదు. పల్లె నుంచి వచ్చి బుల్లయ్య చేలో కాయలు కోసే ఆదెమ్మ పక్కన నిలబడి తన వేలి మీది సిరా గుర్తు చూసుకుంటోంది. తన ఓటు తాను వేసుకోవడం ఆవిడకి ఇదే మొదలు.

"బుల్లయ్య గారూ, అంత చేశారు గదా, మీ వేలికి సిరా లేదేమండీ?"

బుల్లయ్య చెయ్యి కండువాలో దాచుకున్నాడు. కల్లంలో పనుందన్నాడు.

"నేను ఓటేసి కల్లానికొస్తే, కాయల మీద కప్పిన పరదా కింద నుంచి తల బయటపెట్టి, గొడవ మొదలైందా ఆదెమ్మా అని అడిగింది మీరు గాదూ?"

ఈసారీ ఎవరూ నవ్వు ఆపుకోలేదు. బుల్లయ్య కూడా. భయమేసిందే, ఏం చెయ్యమంటావన్నాడు.

"గొడవేం లేదండీ. మీవాళ్ళూ మావాళ్ళూ ఒకే వరసలో ఉన్నారు. ఇంకా టైముంది, రండి, నేనొస్తా తోడు."

బుల్లయ్య టీ సగంలో పెట్టేసి లేచాడు. రోడ్డు దాటగానే ఆగిపోయి గొంతు తగ్గించాడు.

"నువ్వు ముందు నడువు ఆదెమ్మా. ఆ బడి ఎటువైపో నాకు తెలియదు."