ఘటానికి కట్టిన చెయ్యి

అలగ గోడకేసి సూత్తావేటి తులసమ్మొదినా? ఇటు తిరుగు. ఇంక పిలిసేత్తారు లోపలికి. నువ్వు నోరిప్పకపోతే నా బతుకేటి?

బయమేస్తంది వొదినా. ఈ కోర్టు బల్ల మీద కూకున్నానన్న మాటే గాని, పానం పానంలో లేదు.

ఈ దేశపు ప్లీడరమ్మ డో మ్యా ఏటన్నాదో విన్నావు కదా? పింఛనాపీసోళ్లు ఒక్క ఫొటో పట్టుకొని కూకున్నారంట. అహ్లోన్ పేటల మనోళ్ల అమ్మోరి సంబరం నాడు తీసింది. నెత్తి మీద ఘటం, రెండు సేతులూ ఘటానికే. "కుండ మోసిన సెయ్యికి అవిటి పింఛనేటి?" అని కొట్టేసినారు.

ఓలమ్మా! లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీల సొక్కాలకి బొత్తాలు బిగించే మిషను ఈ కుడిసేతిని నలిపేసిన కాడ్నించి గ్లాసుడు నీళ్లెత్తగలిగేనా? నాకు జడెవలేస్తన్నారు, నువ్వు కాదూ?

రెండు సేతులూ పట్టకపోతే మొక్కు సెల్లదన్నావు. గుడెనకాల పసుపు గుడ్డతో నా మణికట్టు కుండకి కట్టేవు. పైన యాపకొమ్మలు కప్పేవు. ఫొటోల ఆ కట్టు కనపడదు, యాపాకులే కనపడతన్నాయి.

ఆ ముక్కే సెప్పమంటన్నాను. తల అడ్డంగా ఊపుతావేటి? దొంగమొక్కని తెలిత్తే అమ్మోరికి కోపమొస్తాదనా? నాకు మాత్రం బయం లేదేటి! నిన్న నా కొడుకు వాసుగాడికి ఒళ్లు ఎచ్చబడితే, అమ్మోరు పోసిందేమోనని సొక్కా ఇప్పి ఒళ్లంతా ఎతికేను. ఒక్క పొక్కూ లేదు. అయినా తెల్లారేదాకా ఆడి పక్కనే కూకున్నాను.

మీ తమ్ముడు పోయినాక నా రెక్కలే కదా ఆడికి దిక్కు? ఈ అప్పీలు కూడా పోతే ఆడి నోట్లోకేటెడతాను, సెప్పు.

అమ్మో, తలుపు తీసేరు. "డో మల్లికా..." ఈళ్ల బాసల మల్లికమ్మగారని, నా పేరే! లెగు వొదినా. లెగవేటి?

సరేలే. నువ్వు కూకో. నానే సెప్పుకుంటాను.

ఆ నాడు ఘటమెత్తి ఏటి మొక్కేనో నువ్వెప్పుడూ అడగలేదు. సెయ్యి బాగవ్వాలని కాదు. అది బాగవ్వదని డాక్టరు సెప్పేసినాడు. "అవిటిదని ఎవలూ జాలి పడకూడదు తల్లీ, నలుగురికీ బాగున్నట్టే కనపడాలి" అని మొక్కేను.

తల్లి తీర్సింది వొదినా. ఇప్పుడు నానెల్లి అది అబద్దమని సెప్పాల.