రాత్రి చూపు గడి

తాయిఫ్‌కు మూడు గంటల దూరంలో వహ్బా అగ్నిబిలం. 2006 నవంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం. భార్యాభర్తలిద్దరు బిలంలోకి దిగుతున్నారు.

"నీళ్ళు తీసుకోండి."

"ఇవ్వు."

"ఇస్తూనే ఉన్నాను."

"ఎక్కడ?"

"మీ ఎడమ భుజం పక్కన. ఇంతసేపూ అక్కడే పట్టుకుని నిలబడ్డాను."

"దారి చూసుకుంటున్నాను జ్యోతీ. కొండ దిగేవాడు కాళ్ళ ముందు చూస్తాడు గాని భుజాల పక్కన చూడడు."

"మరి ఆ రాయి ఎలా తగిలింది?"

"ఏ రాయి?"

"మోకాలు చూసుకోండి."

"గీసుకుపోయింది, అంతే. నర్సు పక్కనుంటే గీతలన్నీ గాయాలే. పద. అదుగో, ఆ అడుగున తెల్లగా మెరుస్తోందే, ఆ గొయ్యి ఆకాశంనుంచి ఏదో పడి ఏర్పడిందని చాలాకాలం అనుకున్నారు. కాదు. కిందనుంచి మరిగే రాయి పైకి తన్నుకొచ్చింది, భూమిలో నీటికి తగిలింది, నీరంతా ఒక్కసారి ఆవిరై పేలింది. పైనుంచి ఏమీ పడలేదు."

"లోపల దాగున్నదే పేలిందన్నమాట."

"అన్నమాట కాదు, ఉన్నమాట. రాళ్ళు తీసుకెళ్ళి పరీక్షించారు."

"పరీక్షంటే గుర్తొచ్చింది. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మీది."

"ఏటా ఉండేదేగా. చార్టులో ఆఖరి వరస చదువుతాను, సంతకం పెట్టించుకుంటాను, వస్తాను. మన హాస్పిటల్ డ్రైవర్లలో ఆ వరస తడుముకోకుండా చదివేది నేనొక్కణ్ణే."

"చదువుతారు. ట్యూబులైటు కింద, ఎదురుగా ఉన్నది చదువుతారు."

"చూపు పరీక్షంటే అదే మరి."

"కాగితంలో ఇంకో గడి ఉంది. రాత్రి చూపు."

"ఆ గడి ఎవడు పరీక్షించాడు? 'రాత్రి బాగా కనబడుతుందా' అంటారు. 'బాగా' అంటాం. టిక్కు. పదకొండేళ్ళుగా అదే తంతు. పోయినేడయితే ఆ మాత్రం అడగను కూడా లేదు."

"పోయినేడు టిక్కు పెట్టింది నేను."

"అందుకే అడగలేదు. మొగుణ్ణి ఏమడుగుతావు?"

"రేపు కూడా కంటి క్లినిక్కులో ఉండేది నేనే. నైట్ డ్యూటీ తీసేసి నన్ను మళ్ళీ అక్కడే వేశారు. రేపటినుంచి పగలే."

"మంచిదేగా."

"ఏం మంచిదండీ?"

"జ్యోతీ, పెళ్ళిరోజన్నావు. ప్రార్థన కూటం మానుకుని మరీ బయల్దేరావు. పైన గౌస్ మొహిద్దీన్ వాళ్ళావిడ బిర్యానీ గిన్నె దించి కూర్చుంది. ఈ గొయ్యిలో నాకు ఇంటర్వ్యూ పెట్టకు."

"సరే, పెట్టను. ఆ ఖర్జూరపు చెట్ల నీడలో ముసలాయన కూర్చున్నాడు, చూశారా? పచ్చ తలగుడ్డ."

"చూశాను."

"ఇందాక దాటామే, ఆ చెట్ల కింద."

"చూశాననే అంటున్నాను. కునుకు తీస్తున్నాడు పాపం. ఈ ఎండకి ఎవరైనా అంతే."

"అక్కడ ఎవరూ లేరు."

"ఏంటి?"

"ఎవరూ లేరు. లేని మనిషి చేత కునుకు కూడా తీయించారు మీరు."

"ఆ నీళ్ళిలా ఇవ్వు."

"శాంసన్ పాస్టరుగారు స్వస్థత గురించి చెప్పబోతే 'కళ్ళతో చూశారా, రుజువేది' అని అరగంట నిలబెట్టారు ఆయన్ని. ఆయన ఇంకెప్పుడూ మన గుమ్మం తొక్కలేదు. అంత రుజువుల మనిషి, లేని ముసలాయన్ని ఎలా చూశారండీ?"

"పరధ్యానంగా అన్నాను."

"గ్లాసు అంచున ఉందని తెలియక తోసేసేది కూడా పరధ్యానమే. పొద్దుగూకి మగ్రిబ్ అజా వినబడ్డాక కూరగాయలకి కూడా బయటికి రాకపోవడం బద్ధకం. బస్సు వెనకభాగం షెడ్డు గోడకి మూడుసార్లు రాసుకోవడం గోడ తప్పు."

"అందుకా నన్నిక్కడికి దింపావు?"

"ఇంట్లో అడిగితే చెప్పులేసుకుని బయటికి పోతారు. ఇక్కడినుంచి పోవడానికి ఒకటే దారి, అదీ నిలువుగా."

"గౌస్ భాయ్‌ని రమ్మన్నది కూడా అందుకే. తిరిగి వెళ్ళేటప్పుడు చీకట్లో కారు అతనే నడుపుతాడని."

"అవును."

"లెక్కప్రకారం చేశావన్నమాట."

"మీ దగ్గరే నేర్చుకున్నాను."

"అయితే ఇదీ లెక్క వెయ్యి. రేపు ఆ గడిలో టిక్కు పడకపోతే నెల తిరక్కుండా నా పాస్‌పోర్టుమీద ఖురూజ్, అదే ఆఖరి ఎగ్జిట్ ముద్ర, కొట్టి ఇండియా విమానం ఎక్కిస్తారు. మళ్ళీ రావడం ఉండదు. ఇద్దరం ఉద్యోగులమని ఇచ్చిన క్వార్టరు లాక్కుంటారు. నువ్వు మళ్ళీ హాస్టల్లో, ఆరుగురి గదిలో. ఇద్దరం చెరో దేశంలో. ఇదంతా ఒక్క టిక్కు."

"ఆ బస్సులో ఇరవయ్యారుగురు నర్సులు."

"ఇన్నాళ్ళలో ఒక్కరికి గోరు విరిగిందా?"

"లేదు."

"మరి?"

"ఈ రాత్రి పదింటి బస్సు ఎవరు తీస్తారు?"

"ట్రాన్స్‌పోర్టు ఆఫీసు సర్దార్ లిస్టులో నా పేరే ఉంది."

"ఎవరు తీస్తారని అడిగాను. ఎవరి పేరుందని కాదు."

"నీకేం కావాలి జ్యోతీ? సూటిగా చెప్పు."

"రేపు ఆ కాగితం నా ముందు పెడతారు. టిక్కు పెడితే అబద్ధం. పెట్టకపోతే మొగుణ్ణి పట్టిచ్చిన మనిషిని. ఆ పెన్ను నా చేతికి రాకముందే మీ నోటితో మీరు చెప్పాలి."

"ఏమని?"

"నన్నెందుకు అడుగుతారు, మీకు తెలియనిదేదో నాకు తెలిసినట్టు! మా క్లినిక్కుకి వారానికొకరు వస్తారు అలాంటివాళ్ళు. ఎదురుగా శుభ్రంగా కనబడుతుంది. పక్కలనుంచి కొంచెం కొంచెంగా మూసుకొస్తుంది. ముందు రాత్రి చూపు పోతుంది. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందంటారు."

"గొట్టం కాదు."

"మరి?"

"తలెత్తి పైకి చూడు."

"చూశాను."

"ఏం కనబడుతోంది?"

"చుట్టూ నల్లటి గోడ. మధ్యలో గుండ్రంగా ఆకాశం."

"అలా ఉంటుంది. ఏడాదిగా నేనున్నది ఇక్కడే. నువ్వు ఇవాళ దిగావు."

"ఏడవకండి."

"ఏడవటంలేదు. కొలత చెబుతున్నాను. ఉగాదినాటికి ఇంకాస్త వెడల్పు ఉండేది."

"లేవండి. ఎండ అంచుమీదికి పోయింది. దారి కనబడకుండా పోతుంది."

"నీకు కనబడకపోవడానికి ఇంకో గంట పడుతుంది. నాకు ఇప్పుడే పోయింది."

"చెయ్యి ఇవ్వండి."

"వద్దు. నువ్వు ముందు నడిచి మాట్లాడుతూ ఉండు, చాలు."

"ఏం మాట్లాడను?"

"బస్సులో మాట్లాడినట్టే."

"బస్సులో ఏం మాట్లాడానండీ?"

"'అబ్బ, ఆ మలుపులో లారీ ఎవడు పెట్టాడో!' 'ముందు గతుకుంది, నా నడుం పడిపోతుంది.' 'ఎర్రలైటు పడనే పడింది, ఇవాళా ఆలస్యమే.' పక్క సీటు షైని అడిగింది కూడా, 'జ్యోతక్కా, నీ నోరు నొప్పి పుట్టదా' అని."

"ఊసుపోక కబుర్లు."

"ఈమధ్య నా వెనక సీటే ఎందుకు? కిటికీ పక్కన చల్లగా ఉంటుందని ముందెప్పుడూ వెనక్కి పోయి కూర్చునేదానివి."

"ఇక్కడ జారుతుంది. కుడివైపు పట్టుకోండి."

"భోజన్న చెత్త ట్రాలీ తోసుకుంటూ గేటు దగ్గర అడ్డం వచ్చిన రాత్రి, 'అయ్యో, నా టిఫిను డబ్బా పడిపోయింది, ఆపండి' అని కేక పెట్టావు. ఆపాను. తను మూరెడు దూరంలో ఉన్నాడని తరవాత అతనే చెప్పాడు. కాని జ్యోతీ, నీది స్టీలు డబ్బా. పడిన చప్పుడు నాకు వినబడలేదు."

"పెద్ద రాయి. ఎడమకాలు ఎత్తి పెట్టండి."

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఇంకో అడుగు."

"ఎప్పటినుంచి?"

"మార్చినుంచి."

"ఎనిమిది నెలలు."

"పక్కనే ఉన్నానుగా అనుకున్నాను. నేను చూస్తే చాలనుకున్నాను. మీకు తెలియదనుకున్నాను, నేను చూస్తున్నట్టు."

"నువ్వు లేని రాత్రి నేను ఆ బస్సు ఎక్కలేదు. నీ ఆఫ్ రోజే నా ఆఫ్ పెట్టించుకున్నాను. కుదరనప్పుడల్లా కడుపునొప్పి."

"నేను వాముకషాయం కాచి పోశానే!"

"తాగాను. నిజంగా నొప్పున్న వాడికంటే ఎక్కువ తాగాను."

"ఈ రాత్రి నేనుండను. ఏం చేద్దామనుకున్నారు?"

"దారిలో కడుపునొప్పి వచ్చేది."

"రేపు రాత్రి? ఎల్లుండి?"

"అక్కడికి ఆలోచన సాగలేదు. సాగనివ్వలేదు."

"వచ్చేశాం. అంచుమీదున్నాం. ఇంక జారదు."

"గౌస్ భాయ్ వాళ్ళు?"

"కారు దగ్గర చాప పరిచారు. వాళ్ళావిడ అయేషా చెయ్యి ఊపుతోంది."

"నేనూ ఊపాలా?"

"ఊపండి. ఇటు కాదు, అటు."

"ఫోనుకి సిగ్నలుందా?"

"రెండు గీతలున్నాయి."

"ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మన కడప సర్దారే ఉంటాడు ఈ టైముకి. నెంబరు నొక్కివ్వు. కాదు, నువ్వే మాట్లాడు."

"ఏం చెప్పను? కడుపునొప్పనా?"

"డ్రైవరు యిర్మీయాకి రాత్రిపూట కళ్ళు కనబడవని చెప్పు. రేపు పరీక్షకి వస్తాడని, ఆ గడి ఖాళీగానే ఉంటుందని చెప్పు. ఎప్పటినుంచని అడిగితే ఇవాళే బయటపడిందను."

"అది నిజం కాదుగా."

"నీ ఉద్యోగమైనా మిగలాలి జ్యోతీ. జన్మంతా రుజువడిగినవాణ్ణి, ఈ ఒక్క అబద్ధాన్ని నిలదీయకుండా వదిలెయ్యమంటున్నాను. నీ మాట ఎత్తకు."

"మోగుతోంది. ఉండండి."

"నీ మాట ఎత్తకు."

"హలో, సర్దార్ భాయ్? నేను ప్రేమజ్యోతిని. ఈ రాత్రి పదింటి బస్సుకి వేరే మనిషిని చూసుకోండి. ఒంట్లో బాగాలేక కాదు... ఆగండి, చెబుతున్నాను. మార్చినుంచి ఆ బస్సు నడిపింది ఒక్కరు కాదు భాయ్, ఇద్దరం. ఇద్దరం ఇక్కడే ఉన్నాం."