పెట్టె వెనక పాట

"ఆ జిన్ను పాటలో టింగ్ టింగ్ అని వస్తుందే, ఆ చప్పుడు నా చెంచాదే," అన్నాడు ఓస్తింగ్, జిన్ను గ్లాసు పక్కవాడికి అందిస్తూ.

డెల్ఫిన్ శవపెట్టె లోపలి గదిలో ఉంది. వాకిట్లో టార్పాలిన్ కింద అతని స్నేహితులు ఆరు రోజులుగా ఒకే గ్లాసు తిప్పుకుంటూ తాగుతున్నారు. ఈ మధ్యాహ్నం మూడింటికి పెట్టె కదలాలి. దారిపొడవునా పోయినవాడికి ఇష్టమైన పాట వాయించడం ఆ ఊరి ఆచారం. ఏ పాటో కనుక్కుందామని బ్యాండు మేస్త్రీ పీలో వచ్చి కూర్చున్నాడు. జిన్ను ప్రకటన పాటే అన్నారు మగవాళ్లంతా. వద్దంది డెల్ఫిన్ భార్య కుర్దింగ్. తాగి లివరు పాడై పోయిన మనిషి పెట్టె వెనక ఆ పాటా?

ఆమెని ఒప్పించడానికే ఓస్తింగ్ ఈ కథ ఎత్తుకున్నాడు.

"దాని విలువ నీకు తెలీదు వదినా. మనీలాలో రికార్డింగు. నేను ఉత్త వ్యాను డ్రైవర్ని. పాడేవాడికి తాళం కుదిరి చావట్లేదు. నేను ఊరికే సీసా మీద చెంచాతో కొట్టా. అందరూ ఇటు తిరిగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బయటికి గెంటారు," అన్నాడొకడు.

"నోర్మూసుకుని వేరుశనగలు తిను! బాణీ కూడా నన్నే కట్టమన్నారు. సీసా అయ్యేలోపు కట్టేశా. అది మొదటిసారి రేడియోలో వచ్చిన రోజు మనీలాలో జీపులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చర్చిలో ఫాదరు ప్రార్థన ఎత్తుకుంటే జనం నా బాణీలో అందుకున్నారు. ఫాదరు మాత్రం ఏం చేస్తాడు, ఆయనా కాలు ఆడించాడు!"

"తుపాను సంగతి చెప్పలేదేం అన్నా?"

"వస్తున్నా. సమర్ దీవి మీదికి తుపాను వచ్చిందా, జాలర్లు ఒడ్డున నిలబడి పాట అందుకున్నారు. తుపాను కాసేపు విని, సిగ్గుపడి, వెనక్కి పోయింది."

మగవాళ్లు విరగబడి నవ్వారు. కుర్దింగ్ వేరుశనగల పళ్లెం పట్టుకుని నిలబడే ఉంది. టీవీలో వచ్చే ఆ ప్రకటనలోనూ ఒక ఆడది ఉంటుంది. మంచుముక్కలు తెచ్చి, నవ్వి, వెళ్లిపోతుంది. ఆ తర్వాత వాంతులు కడిగేదెవరో పాటలో ఉండదు. పంతొమ్మిదేళ్లు కుర్దింగ్ మంచుముక్కలు తెచ్చింది. ఆ నవ్వొక్కటే చేతకాలేదు.

"అదంతా ఎందుకు వదినా! సెబూలో ఒకడు చచ్చిపోయాడు. పెట్టె చుట్టూ చేరి నా పాట పాడారు. రెండో చరణానికి లేచి కూర్చుని, 'నా వంతు వచ్చిందా?' అన్నాడు. నా కళ్లతో చూశా!"

కుర్దింగ్ పళ్లెం కింద పెట్టింది.

"లోపలికి రా ఓస్తింగ్."

"ఎందుకు వదినా?"

"పాడు. అక్కడే పడుకుని ఉన్నాడు. రెండు చరణాలూ పాడు. లేస్తే ఊరంతా ఆ పాటే వాయించమంటా. మంచుముక్కలు కూడా నేనే తెస్తా."

ఓస్తింగ్ లేవబోయి ఆగిపోయాడు. గ్లాసు ఎవరి దగ్గర ఉందో వాడి దగ్గరే ఉండిపోయింది.

పీలో కుర్దింగ్ వైపు తిరిగాడు. "సరే చెల్లెమ్మా, అది వాయించం. మరి ఏది వాయించమంటావు? డెల్ఫిన్‌కి ఏ పాటంటే ఇష్టం?"

కుర్దింగ్ నోరు తెరిచింది. పెళ్లి రోజు నుంచీ జ్ఞాపకాలన్నీ వెతుక్కుంది. ఊయల దగ్గర, పడవ దగ్గర, పండగలప్పుడు, అతను ఏం పాడేవాడో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. గౌను అంచుకి చెయ్యి తుడుచుకుంది.

"ఆయనకి ఇంకో పాట రాదు మేస్త్రీ," అంది.

మూడింటికి పెట్టె కదిలింది. బ్యాండువాళ్లు బూరలు చంకలో పెట్టుకుని వెనక నడిచారు.