కాంటెస్సా చప్పుడు

నాచారం మెకానిక్ షెడ్డులో తన పాత కాంటెస్సా కారు పక్కన ఆమె స్టూలు మీద కూలబడింది. ఎడమ మోకాలు పొద్దుటి నుంచీ సలుపుతోంది.

“ఇక క్లచ్ తొక్కలేనయ్యా. ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టెయ్.”

“ఓవర్‌డ్రైవ్, గదే ఇంకో పై గేరు, ఉన్నది పెడ్తనమ్మా. హైవే మీద ఇంజన్ చప్పుడు మస్తు తగ్గుతది.”

“అయితే అది వద్దు.”

“గదేందమ్మా, పెట్రోల్ గూడ తక్కువ తాగుతది!”

“మా ఆయనకి చూపు పోయింది. ముప్పై ఏళ్లు ఈ బండి ఆయనే నడిపారు. ఇప్పుడు పక్కన కూర్చుని, చప్పుడు విని ఎంత స్పీడో చెబుతారు.”

మెకానిక్ బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

“గట్లయితే క్లచ్ జాగల ఉండే టార్క్ కన్వర్టర్ గూడ ఎక్కువ జారనిది సూస్త. లేకుంటే మోత పెరుగుతది గని వేగం పెరగది. సారు లెక్క తప్పుతది.”

“ఇప్పటికే తప్పుతోందయ్యా,” అంది ఆమె నీరసంగా. “ఆయన ఎంతంటే అంతే అంటున్నాను. నువ్వు మాత్రం సరైనదే పెట్టు.”