తలుపు వెనక విన్న సినిమా

కూర్చో అమ్మాయ్, మీ అమ్మమ్మ తయారవడానికి ఇంకో అరగంట పడుతుంది. ఆ కుర్చీ వద్దు, దాని కాలు మీద నాకు నమ్మకం లేదు, ఇటు మంచం మీదకి రా. ఏమిటీ? మీ తాతా? అవునులే, నువ్వు చూళ్ళేదుగా, మీ అమ్మ పెళ్ళికి ముందే పోయాడు. ఆయన గురించి చెప్పడానికేముంది, మా బావ గేటు మనిషి. గేటంటే బయట గేటు కాదు, హాలు తలుపు. బయట తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఇంత సందు ఉండేది, ఇదిగో ఈ బీరువా అంత. లోపలి తలుపుకి మందపాటి నల్లటి తెర. ఆ సందులో ఖాకీ చొక్కా వేసుకుని ఇరవై రెండేళ్ళు నిలబడ్డాడు. టిక్కెట్టు చింపడం, తెర ఎత్తి లోపలికి పంపడం, మళ్ళీ తెర దించడం. ఆట మొదలయ్యాక తెర కదిలిందా, వెలుతురు లోపల పడుతుంది, జనం బూతులు తిడతారు. కాబట్టి మా బావ తెర వైపు వీపు పెట్టి నిలబడేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క సినిమా చూళ్ళేదు తల్లీ. అన్నీ విన్నాడు. నేను పైన మిషన్ రూములో ఆపరేటర్ని. ఆ మిషను మోతలో నాకు ఒక్క ముక్క వినపడేది కాదు, కానీ ఆ చిన్న కంతలోంచి అన్నీ చూశాను. ఒకే ఇంట్లో ఒకే అన్నం తినేవాళ్ళం, ఒక్క సినిమా గురించి ఇద్దరం కలిసి మాట్లాడుకున్న పాపాన పోలేదు.

అసలు మా ఓనరుగారి సంగతి నీకు తెలియాలి. ఆయనకి ఊరికే సినిమా ఆడించడమంటే చిన్నతనం. ప్రతిదానికీ ప్రత్యేక ఆట ఉండాల్సిందే. కవలలకి ఓ ఆట, పోస్టుమాన్లకి ఓ ఆట. ఓసారి బట్టతల ఉన్నవాళ్ళకి ప్రత్యేకం అని బోర్డు పెట్టించాడు. నువ్వు నవ్వుతావుగానీ, ఆ రోజు పైనుంచి చూస్తే హాల్లో రెండు వందల బల్బులు వెలిగినట్టుంది. ఇంకోసారి చంటిపిల్లల తల్లులకి. పిల్లలందరూ ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాగం తీశారు, సినిమా అయ్యేదాకా ఆపలేదు. ఆ తల్లులు బయటికొస్తూ మా బావని పట్టుకుని, "ఏవండీ, ఆ లాయరు చివర్లో ఏమన్నాడండీ?" అనడిగితే, ఈయన ఒక్కొక్కళ్ళకీ ఆ మాట అప్పజెప్పాడట, లాయరు గొంతుతో సహా. అప్పుడు తెలిసింది ఊరికి, ఈయనకి సినిమాలన్నీ కంఠతా వచ్చని. ఇంట్లో చూస్తే నోట్లోంచి మాట ఊడిపడదు. మా అక్క, అదే మీ అమ్మమ్మ, "వడ్డించనా?" అంటే "ఊ". "ఇంకొంచెం?" అంటే "ఊహూ". అంతే, ఆ రోజుకి మాటలు అయిపోయాయి. మా అక్క అనేది, ఈయన మాటలన్నీ ఆ తలుపు దగ్గరే ఖర్చయిపోతున్నాయిరా, ఇంటికొచ్చేసరికి అడుగు బొడుగు కూడా మిగలట్లేదు అని.

ఏం చెబుతున్నానూ... ఆఁ, ఆ ఏడుపు సినిమా. ఇవాళ మీరు వెళ్ళబోయేది అదే. మా హాల్లో ఇరవై వారాలు ఆడింది. కథేమీ లేదు. ఒకడు వంతెనలు కడుతుంటాడు. పెళ్ళాం ఇంట్లో ఎదురుచూస్తూ ఉంటుంది. వీడు వస్తాడు, పని పడిందని మళ్ళీ రైలెక్కి పోతాడు. చివరికి జబ్బుతో ఇల్లు చేరతాడు, ఆవిడ పక్కన కూర్చుంటుంది, వీడు ఏదో చెప్పబోయి రెండుసార్లు పెదాలు కదిపి ప్రాణం వదిలేస్తాడు. అక్కడ మాట లేదు, పాట లేదు, ఆ తీసినాయన సంగీతం కూడా ఆపేశాడు. ఆ వెంటనే రైలు కూత, ఆవిడ ఊరొదిలి వెళ్ళిపోవడం, శుభం. ఇప్పుడు మా బావ సంగతి చూడు. తలుపు వెనకున్న మనిషికి ఏం వినపడుతుంది? కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత రైలు కూత. అంటే ఏమిటి? వాడు మళ్ళీ పనికి వెళ్ళిపోయాడన్నమాట! ఇరవై వారాలు, రోజుకి మూడు ఆటలు, కొంగులు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ బయటికొచ్చే ఆడవాళ్ళకి తలుపు తీసి పట్టుకుని, "ఊరుకోండమ్మా, మళ్ళీ వస్తాడు లెండి" అని ఓదార్చేవాడు. వాళ్ళు ఈయన్ని ఎగాదిగా చూసి పోయేవాళ్ళు. చచ్చినవాడు ఎలా వస్తాడు బావా అని నేనొక్క మాట అని ఉండొచ్చు. అనలేదు. ఈయన అలా అంటున్నాడని నాకేం తెలుసు, నేను పైన ఉన్నానుగా.

మా అక్కకి ఒకటే కోరిక. పక్కపక్కన కూర్చుని ఒక్క సినిమా చూడాలని. పెద్ద కోరికేం కాదు, కానీ గేటు మనిషి పెళ్ళానికి అదే ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో ఈయన మాటిచ్చాడు. ఆ మాట కూడా "ఊ" అనే రూపంలోనే ఇచ్చుంటాడనుకో. ఈవిడ ఆ "ఊ" పట్టుకుని ఇరవై రెండేళ్ళు కూర్చుంది. హాలుకి యాభై ఏళ్ళు నిండాయి. ఓనరుగారు ఆగుతాడా? ఆ ఏడుపు సినిమానే ప్రత్యేకంగా ఉదయం ఆట వేయిస్తున్నానని ఊరంతా చాటించాడు. ఆ సినిమా తీసినాయన్ని పిలిపించాడు, అప్పటికే ముసలాయన. గేటు దగ్గర ఆ రోజుకి వేరేవాణ్ణి పెట్టి, మా బావకీ మా అక్కకీ బాల్కనీలో ముందు వరస, పక్కపక్కన రెండు సీట్లు ఇప్పించాడు. మా అక్క మూడు రోజుల ముందే తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. ఖాకీ లేకుండా మా బావని ఆ హాల్లో నేను అదే చూడటం. ఎవరో గుమాస్తాలా ఉన్నాడు. తెర వైపు ముఖం పెట్టి కూర్చోవడం అలవాటు లేక మాటిమాటికీ వెనక్కి తిరిగి తలుపు చూసుకుంటున్నాడు. మా అక్క మోచేత్తో పొడిస్తే ముందుకి తిరుగుతున్నాడు. కంతలోంచి అంతా నాకు కనపడుతూనే ఉంది.

మొదటి రీలు సగంలో సౌండు పోయింది. మిషన్లో సౌండుకని వేరే చిన్న బల్బు ఉంటుంది, ఇంతే, బొటనవేలంత. అది మాడితే బొమ్మ పడుతుంది, మాట రాదు. రెండో మిషనా? అది విప్పి మూల పెట్టి నెల రోజులైంది. విడి బల్బు ఒకటి ఉండాలి. సొరుగంతా దులిపాను, లేదు. కింద జనం ఈలలు. "సౌండ్! సౌండ్!" అని అరుపులు. కింద ముందు వరసలో ఆ తీసినాయన, పక్కన మా ఓనరుగారు, ఓనరుగారు వెనక్కి తిరిగి నా కంత వైపే చూస్తున్నాడు. ఇంతలో బాల్కనీలో ఎవరో గొణుగుతున్నారట, అక్క తర్వాత చెప్పింది. మా బావే! తెర మీద వాడు పెదాలు కదపగానే ఈయన నోట్లోంచి ఆ మాట దానంతట అదే వచ్చేస్తోంది. అలవాటు, ఏం చేస్తాడు. పక్కవాళ్ళు ష్ ష్ అన్నారు. వెనకవాళ్ళు "గట్టిగా చెప్పవయ్యా!" అన్నారు. ఓనరుగారు పంచె ఎగగట్టి మెట్లెక్కి వచ్చి, మా బావ చెయ్యి పట్టుకుని, "నాయనా, నా పరువు కాపాడు" అని కిందకి లాక్కుపోయాడు. ఉపన్యాసాలకని తెచ్చిన మైకు ఉంది, దాని సౌండు పెట్టె వేరు, నా గది గోడ పక్కనే పెట్టారు కాబట్టి ఆ రోజు నాకూ వినపడింది. అది పుచ్చుకుని తెర వెనక నిలబడ్డాడు మా బావ. వంతెనవాడూ ఆయనే, పెళ్ళామూ ఆయనే, అత్తగారూ ఆయనే. తలుపు చప్పుడు, కుక్క అరుపు, రైలు కూత, అన్నీ ఆయనే. కాకపోతే ఎవరి మాట ఎవరిదో విన్నదే కానీ చూసింది లేదుగా, ఓ చోట అత్తగారి మాట తీసుకెళ్ళి పోలీసు నోట్లో పెట్టాడు. పోలీసు వచ్చి "అమ్మాయీ, పాలు పొంగుతున్నాయి చూడు" అనేసరికి హాలు విరగబడి నవ్వింది. ఆ తీసినాయన కూడా నవ్వాడు. మా అక్క మాత్రం నవ్వలేదు. పక్క సీటు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, ఎవరైనా వచ్చి ఆక్రమిస్తారేమోనన్నట్టు.

ఇంటర్వెల్లో మా బావ మెట్లెక్కి పైకొచ్చాడు. తెల్లచొక్కా అంతా తెర వెనక దుమ్ముతో నల్లబడిపోయింది. "ఒరేయ్, బల్బు దొరికిందా? మీ అక్క ఒక్కతే కూర్చుంది" అన్నాడు. అమ్మాయ్, ఇది నేనెవరికీ చెప్పలేదు. తలుపు దగ్గరగా వేసి రా... చాలు. బల్బు దొరికింది. అప్పటికి పావుగంటయింది దొరికి. ఎక్కడనుకున్నావ్? నా చొక్కా జేబులో. పొద్దున సొరుగులోంచి నేనే తీసి పెట్టుకున్నాను, దగ్గరుంటుంది కదా అని. రెండు నిమిషాల పని, బిగిస్తే మాట వచ్చేస్తుంది, మా బావ వెళ్ళి సీట్లో కూర్చుంటాడు. కానీ ఓనరుగారు అడగడూ? ఇంతసేపు ఎక్కడ చచ్చింది బల్బు అని? నీ జేబులో పెట్టుకుని ఊరంతటి ముందూ నా పరువు తీశావా అని? ఉద్యోగం ఊడుతుందని భయం, అంతే. తర్వాత్తర్వాత నేను చాలా అనుకున్నానులే, మా బావ నోరు విప్పి మాట్లాడుతున్నాడు, అక్క వింటోంది, అందుకని బిగించలేదని. అదంతా నాకు నేను చెప్పుకున్నది. భయం వేసింది. "లేదు బావా" అన్నాను. ఆయన "సరే, చివరి రీలుకైనా వస్తానని మీ అక్కకి చెప్పు" అని దిగిపోయాడు. నేను అదీ చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను.

చివరి రీలు ఎక్కించాను. వంతెనవాడు ఇంటికొచ్చాడు, మంచం మీద పడుకున్నాడు. ఆవిడొచ్చి పక్కన కూర్చుంది. వాడు పెదాలు కదిపాడు. తెర వెనక మాట లేదు. సినిమాలోనే లేదుగా, ఎక్కణ్ణుంచి వస్తుంది? మళ్ళీ కదిపాడు. తల వాలిపోయింది. ఈపాటికి రైలు కూత రావాలి. రాలేదు. అప్పుడు వెలిగింది నాకు, వాడు చచ్చిపోయాడని మా బావకి తెలిసింది ఇప్పుడే అని. తెర వెనక అంత పెద్ద ముఖం, జానెడు దూరంలో. అప్పుడు మైకులో మెల్లగా వచ్చింది, ఎవరి గొంతూ అనుకరించకుండా, ఉత్త మా బావ గొంతు. "నీ పక్కన కూర్చుందామనే వచ్చాను. పని పడింది. కోపం పెట్టుకోకు." అంతే. తర్వాత రైలు కూత వేశాడు, వెయ్యాలి కాబట్టి. సరిగ్గా రాలేదు. హాల్లో ఒక్క కన్ను పొడిగా లేదు. నాకు మాత్రం అక్క కనపడలేదు, కంత అద్దం మీద ఏదో మసక.

ఆట అయ్యాక ఆ తీసినాయన మా ఓనరుగారితో, "చివర్లో ఆ మాట నేను పెట్టలేదే?" అన్నాడు. మా ఓనరుగారు తడుముకోకుండా, "మా ఊరికొచ్చిన కాపీలో ఉందండీ" అన్నాడు! ముసలాయన "అయితే మీకు మంచి కాపీ వచ్చింది" అని కారెక్కాడు. మేం ముగ్గురం నడిచి ఇంటికొచ్చాం. గుమ్మంలో మా అక్క, "గొంతు బొంగురుపోయింది, వేణ్ణీళ్ళు పుక్కిలించండి" అంది. మా బావ "ఊ" అన్నాడు.

ఇంక ఓనరుగారికి పండగే. ప్రతి ఆదివారం పొద్దున్న ప్రత్యేక ఆట, సౌండు కావాలని కట్టేసి, తెర వెనక మా బావ. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. గేటు మనిషికి పేరొచ్చింది, ఫొటో తీశారు. మా అక్క ప్రతి ఆదివారం వెళ్ళేది, బాల్కనీలో అదే సీటు, పక్కది ఖాళీ. "ఈసారి మామూలు ఆటకి వెళ్దాంలే ఇద్దరం" అని మా బావ అనడం, పని పడటం. ఏడాదిన్నర తర్వాత ఛాతీలో నొప్పి అని పడుకున్నాడు, ఇంక లేవలేదు. ఆ కాస్త సమయమైనా మా అక్క పక్కన కూర్చుంది.

ఆ బల్బా? పారెయ్యలేకపోయాను. పాత పేపర్లో చుట్టి నా రేకు డబ్బాలో, స్క్రూల కింద పెట్టాను. ఇన్నేళ్ళూ తియ్యలేదు. మొన్న ఆ కొత్త యజమానులు ఇంటికి కాగితం పంపారుగా, హాలు బాగుచేశాం, ఆ సినిమానే కొత్త సౌండుతో వేస్తున్నాం, రమ్మని. మీ అమ్మమ్మ రెండు సీట్లు కావాలని చెప్పించింది. ఒకటి నీకనుకున్నావా? నీకు వెనక వరస, అడిగి చూడు. ఆఁ, ఆ కాగితం వచ్చిన రోజు నాకెందుకో బల్బు చూడాలనిపించింది. డబ్బా తీశాను. పేపరు లేదు. ఖాకీ గుడ్డ ముక్కలో చుట్టి, దారం కట్టి ఉంది. జేబు ముక్క అది, బొత్తాం కూడా అలాగే ఉంది. ఖాకీ చొక్కా ఈ ఇంట్లో ఎంతమందికి ఉంది చెప్పు? అక్క ఎప్పుడు చూసిందో, ఎన్నేళ్ళయిందో. రోజూ పొద్దున్నే నా చేతికి కాఫీ ఇస్తూనే ఉంది. ఒక్క మాట అడగలేదమ్మాయ్. ఒక్క మాట...

ఆఁ అక్కా, అయిపోయిందా? ఏం లేదు, దీనికి పాత మిషన్ల గురించేదో చెబుతున్నా. ఏంటీ? డబ్బా తెమ్మంటావా? దేనికి? ఏ డబ్బా అక్కా? ... అమ్మాయ్, బయట ఆటో వచ్చిందేమో చూసిరా, పో.