తమ్ముడి బ్రౌజర్ బేరం

హలో… ఆ, నేనే. అక్కని… ఇది ఆఫీసు నంబర్లే, అందుకే గుర్తుపట్టలేదు.

ఆ, మీటింగ్ అయింది. ఇప్పుడే బయటికొచ్చా… చెప్తా, చెప్తా. ఎక్కడున్నావు?… మెట్ల మీదా? అదే, కింద టైలర్ల కుట్టుమిషన్లు వినబడుతున్నాయి. సరే, ఆ మెట్టు మీదే కూర్చో.

నీ బ్రౌజర్ అందరికీ తెగ నచ్చింది… ఒట్టు రా. పాత ఫోన్లు తెచ్చి టేబుల్ నిండా పరిచారు. మాది ఒక పేజీ తెరిచేలోగా నీది నాలుగు తెరిచింది… నవ్వకు. మా బ్రౌజర్ తయారుచేయించింది నేను. తొమ్మిదేళ్ళ కష్టం. నా ఎదురుగానే పెట్టి మరీ పోల్చారు.

ఛైర్మనా? ముసలాయన ఆ ఫోన్ కింద పెడితే ఒట్టు. "వీళ్ళ కంపెనీ కొనేద్దాం, ఇంకా ఆలోచనెందుకు" అన్నాడు. ఏడుగురూ చేతులెత్తారు… ఉండు, ఉండు. గంతులెయ్యకు, జారిపడతావు.

ఎనిమిదోదాన్ని నేనున్నానుగా.

… ఎత్తలేదు.

… తమాషా కాదు నాన్నా. నేనెప్పుడైనా నీతో తమాషా ఆడానా?

ఏమన్నానంటే… "పండు దానంతటదే రాలుతుంటే చెట్టెక్కడం దేనికండీ" అన్నాను… అర్థం కాలా? మీ గడ్డపాయన లేడూ, ఇంజనీరు, ఇవాళ పనిలోకి వచ్చాడా?… జ్వరమని మెసేజ్ పెట్టాడా? పాపం. జ్వరం లేదు, గిరం లేదు. మా మూడో అంతస్తులో కిటికీ పక్కన సీటిచ్చాం. పొద్దున్నే సంతకం పెట్టాడు. ఆ కాగితం చూపించాక ఏడు చేతులూ దిగిపోయాయి.

… అరవకు. చెవి నొప్పి నాకు.

ఆయనే కీలకమని నాకెవరు చెప్పారనా? నువ్వే! మొన్న నన్ను పిలిచి మీ రెండు గదులూ తిప్పి చూపించలా? "అక్కా, లోపలి ఇంజిన్ మొత్తం ఈయన బుర్రలోనే ఉంది, ఈయన లేకపోతే మేం సున్నా" అన్లా, ఆయన భుజం మీద చెయ్యేసి? నీ నోట్లో నువ్వుగింజ నానదు… ఆయన కుర్చీకి ఒక చక్రం లేదు, నువ్వెప్పుడైనా చూశావా? కాలు తన్నిపెట్టి కూర్చుంటున్నాడు. భార్యకి నెలలు నిండుతున్నాయి, సెలవడిగితే "కొత్త వెర్షన్ వెళ్ళనీ" అన్నావట. నేను రెండు నెలల సెలవిస్తానన్నా. అంతే, వచ్చేశాడు.

… అక్కగానే వచ్చాను రా. వెళ్ళేటప్పుడు ఉద్యోగినిగా వెళ్ళాను, అంతే.

ఇంకొకణ్ణి వెతుకుతావా? వెతుకు. ఆయన రాసింది చదివి అర్థం చేసుకునేసరికే ఏడాది. అప్పటికి మీ పదిమందిలో ఎంతమంది మిగుల్తారో చూసుకో.

ఎందుకా?… అడిగావు కాబట్టి చెప్తా. మూడు వారాల కింద, లిఫ్టులో, ముసలాయన నీ బ్రౌజర్ చూస్తూ, "ఈ అబ్బాయి వస్తే మన బ్రౌజర్ విభాగానికి ఇతన్నే పెద్దని చేద్దాం" అన్నాడు. ఆ విభాగానికి పెద్దనైన నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?

… నువ్వు ఒప్పుకోవా? ఒప్పుకుంటావు. పైగా "అక్కా, నువ్వూ ఉండు, కలిసి చేద్దాం" అని జాలిపడతావు. ఆ జాలే నాకొద్దు. చిన్నప్పుడు చుట్టాలొస్తే నిన్ను బల్ల మీద నిలబెట్టి ఎక్కాలు చెప్పించేవాళ్ళు. అవి నీకు నేర్పిందెవరని ఒక్కరంటే ఒక్కరు అడగలా.

… గుర్తులేదా? నీకెందుకుంటుంది? బల్ల మీదున్నవాడివి.

ఏడుస్తున్నావా?… మెట్ల మీద ఏడవకు, టైలర్లు చూస్తారు.

ఆ గోలేంటి?… చప్పట్లా?… నేను ఫోన్ చేశానని తెలిసి, కొనేశామనుకున్నారా? అందరూ బయటికొచ్చేశారా?… మరి చెప్పు వాళ్ళకి.



హలో? ఎవరూ?… ఓ, వాడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నారా. వాడికి ఆనందంతో మాట రావట్లేదనుకుంటున్నారా… పర్వాలేదమ్మా, స్పీకర్ పెట్టు. అందరూ విందురుగాని.

పెట్టావా?… నమస్కారమండీ. నేను వాళ్ళక్కని. ఆ చప్పట్లు కాస్త ఆపితే… ఆ. మేం మీ కంపెనీ కొనడం లేదండీ. ఇక కొనం కూడా. ఎందుకో మీ వాణ్ణి అడగండి, అన్నీ విన్నాడు. ఉంటాను.